బాపు రిటైర్మెంట్ పైసలు, నెలనెలా సిప్, మామునూరు ప్లాటు: మార్కెట్ ఊగుతున్నప్పుడు ఏది ఎక్కడ పెట్టాలి

అమ్మా, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను. చదివే మిగతావాళ్లకూ విషయం తెలియాలి. మీది హనుమకొండ. మీరు గవర్నమెంటు టీచర్, మీవారిది ప్రైవేటు ఉద్యోగం, పాపకు ఎనిమిదేళ్లు. మూడేళ్లుగా నెలకు రూ.10,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే పద్ధతి) కడుతున్నారు. సేవింగ్స్ ఖాతాలో రూ.9 లక్షలు ఉన్నాయి, నూటికి రూపాయి మిత్తి మీద రూ.3 లక్షల గోల్డ్ లోన్ నడుస్తోంది. రూ.5 లక్షల చిట్టి సగం దాటింది, ఇంకా ఎత్తుకోలేదు. మూడేళ్లలో ఇంటి మీద పై అంతస్తు వేయాలని ఉంది. భూపాలపల్లిలో ఉండే మీ బాపు ఈమధ్యే సింగరేణిలో రిటైరయ్యారు, ఆయనకు రూ.26 లక్షలు వచ్చాయి. మార్కెట్ రోజుకో తీరుగా ఉంది కాబట్టి సిప్ ఆపేయాలా, అందరి డబ్బూ కలిపి ఎక్కడ పెట్టాలి అని అడిగారు. మరిది మామునూరు దగ్గర ప్లాటు అంటున్నాడు, పెద్దమ్మ కొడుకు బంగారం అంటున్నాడు, మీవారి స్నేహితుడు ఆప్షన్స్ (షేర్ల ధర ఎటు పోతుందో అన్నదాని మీద పందెం లాంటి వ్యాపారం) గ్రూపులో చేరమంటున్నాడు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. జమ్మికుంట, పరకాల, గోదావరిఖని బ్రాంచీల్లో రైతుల డబ్బు, గని కార్మికుల డబ్బు, టీచర్ల డబ్బు వచ్చిపోవడం దగ్గరుండి చూశాను. షేర్లు పడి చితికిపోయిన ఇళ్లు నాకు తెలుసు, కానీ అవి కొన్నే. ఆపరేషన్‌కో, పెళ్లికో, కాలేజీ ఫీజుకో డబ్బు కావాల్సిన రోజున ఉన్నదాన్ని వచ్చిన రేటుకు తెగనమ్ముకున్న ఇళ్లు మాత్రం చాలా ఎక్కువ. అందుకే మార్కెట్ ఎటు పోతుందో చెప్పే ప్రయత్నం నేను చేయను. ఏ డబ్బు, ఎవరికి, ఎప్పుడు కావాలి అన్నది తేలితే మీ ప్రశ్నలో ముప్పావు వంతు తేలిపోయినట్టే.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో ఎప్పుడైనా పోయారా? పొద్దున జెండా పాట అవుతుంది. ఆ రోజు పలికిన పై రేటు అదే, సాయంత్రానికి అందరి నోటా అదే మాట. అయితే అడ్తి (కమీషన్ ఏజెంటు) దగ్గర పెట్టుబడికి అప్పు తెచ్చిన రైతు ఆ రోజు ఎంత పలికితే అంతకు బస్తాలు దించి పోవాల్సిందే. అప్పు లేని రైతు రేటు నచ్చకపోతే అదే సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇంటికి పోతాడు. మిర్చీ ఒకటే, మార్కెట్టూ ఒకటే. ఆగగలిగే శక్తి ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. షేర్ మార్కెట్ కూడా ఇంతే. మార్కెట్ పడటం నష్టం కాదు, పడిన రోజునే అమ్మాల్సి రావడం నష్టం. కాబట్టి ముందు ఆగే శక్తిని కొనుక్కోవాలి, లాభం సంగతి తర్వాత.

ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు భయం వేసిన మాట దగ్గరికి వస్తాను. "అందరి డబ్బూ కలిపి" అని రాశారు. కలపకండి అమ్మా. మీ జీతం నెలనెలా వస్తుంది, మార్కెట్ ఐదేళ్లు బాగాలేకపోయినా మీ పొయ్యి వెలుగుతుంది. మీ బాపుకు ఇక జీతం రాదు. బొగ్గు గనుల పెన్షన్ 1998 స్కీము కింద వస్తుంది గానీ, అది ఆఖరి జీతంతో చూస్తే తక్కువ, పైగా ధరలు పెరిగినంత మాత్రాన అది పెరగదు. ఆయనకు, అమ్మకు మిగిలిన జీవితమంతా ఆ రూ.26 లక్షలే ఆసరా. అది ఆయన భూమి లోపల దిగి సంపాదించిన డబ్బు. అది మీ పై అంతస్తుకు గానీ, మరిది చూపించిన ప్లాటుకు గానీ పోకూడదు.

బాపు డబ్బు విషయంలో నా సలహా సూటిగా చెప్తాను. అందులో రూ.20 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయించండి. అరవై నిండినవాళ్లకు పోస్టాఫీసులోనూ పెద్ద బ్యాంకుల్లోనూ ఈ ఖాతా తెరుస్తారు. ఒకరి పేరున గరిష్ఠంగా రూ.30 లక్షల దాకా వేయొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఇందులో 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు సమీక్షిస్తుంది కాబట్టి తెరిచే ముందు కౌంటర్లో అడిగి చూసుకోండి. కానీ మీరు ఖాతా తెరిచిన రోజు ఏ రేటు ఉంటే ఐదేళ్లూ అదే. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీని) 6.5 శాతం నుంచి విడతలుగా తగ్గించుకుంటూ వచ్చింది, ఆ వెంటే బ్యాంకుల ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. ఇలాంటప్పుడు ఐదేళ్లకు రేటు కట్టిపడేసుకునే అవకాశం రిటైరైన మనిషికి చాలా విలువైనది. 8.2 శాతం లెక్కన రూ.20 లక్షల మీద మూడు నెలలకోసారి రూ.41,000 ఖాతాలో పడుతుంది. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లో వస్తుంది. నెలకు పదమూడున్నర వేల పైమాటే. పెన్షన్‌తో కలిపితే భూపాలపల్లిలో ఇద్దరి ఖర్చు సాఫీగా జరగాలి. ఒక్క మాట మాత్రం బాపుకు చెప్పండి. వచ్చిన మిత్తి మొత్తం ఖర్చు పెట్టొద్దు, అందులో నాలుగో వంతైనా వెనకేయాలి. ఐదేళ్ల తర్వాత నూనె, పప్పు, మందుల ధరలు ఇవే ఉండవు, ఈ రూ.41,000 మాత్రం అంతే ఉంటుంది.

ఈ ఖాతాను గడువుకు ముందే మూస్తే కోత పడుతుంది, రెండేళ్లు దాటాక మూసినా ఒక శాతం పోతుంది. అందుకే మొత్తం రూ.26 లక్షలూ ఇందులో పెట్టమనడం లేదు. రూ.4 లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ చేయించండి, ఒకే ముక్కగా కాకుండా లక్ష చొప్పున నాలుగు ముక్కలుగా. లక్షన్నర అవసరమైతే రెండు ముక్కలు విరిస్తే సరిపోతుంది, మిగతా రెండింటి వడ్డీ చెడదు. మిగిలిన రూ.2 లక్షలు సేవింగ్స్‌లో, చిన్న గడువు ఎఫ్‌డీలో ఉండనివ్వండి. రిటైరైన మొదటి ఏడాది ఇంటి రిపేరని, తీర్థయాత్రలని, మనవల కానుకలని ఖర్చు తగులుతూనే ఉంటుంది. సింగరేణి రిటైర్డ్ కార్మికులకు ఉండే సీపీఆర్‌ఎంఎస్ వైద్య కార్డు బాపు తీసుకున్నారో లేదో ఈ వారమే కనుక్కోండి. అమ్మ పేరు కూడా అందులో ఉండాలి. హాస్పిటల్ ఖర్చుకు అది దారి చూపితే ఈ ఎఫ్‌డీల జోలికి పోయే పనే పడదు.

ఇంకొక జాగ్రత్త. నేను కౌంటర్ లోపల కూర్చున్నవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నాను. సింగరేణి నుంచి పెద్ద మొత్తం ఖాతాలో పడగానే బ్రాంచి నుంచే ఫోన్ వస్తుంది. "సార్, ఎఫ్‌డీ లాంటిదే, ఇంకా మంచిది" అంటూ ఇన్సూరెన్స్ పాలసీ కాగితం ముందు పెడతారు. అది ఏటా కట్టాల్సిన పాలసీ అని రెండో ఏడు నోటీసు వచ్చేదాకా చాలామందికి తెలియదు. అరవై ఏళ్లు దాటిన, ఇక సంపాదన లేని మనిషికి కొత్తగా జీవిత బీమా అక్కర్లేదు. బాపు ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టి ఉంటే పాలసీ బాండు చేతికొచ్చిన 30 రోజుల్లోపు రద్దు చేయమని రాసివ్వొచ్చు. స్టాంపు డ్యూటీ లాంటి చిన్న కోతలు పోను డబ్బు తిరిగి వస్తుంది. ఇవాళే అడగండి.

బ్యాంకు ఎంపిక గురించి కూడా అడిగారు. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి రూ.5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. అంతకుముందు లక్షే ఉండేది, 2020 ఫిబ్రవరిలో ఐదు చేశారు. 2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు మొదట ఒక్కో ఖాతా నుంచి రూ.1,000 మాత్రమే తీసుకోనిచ్చారు. లక్షలున్నవాళ్లు కూడా ఆ వెయ్యి కోసం లైన్లో నిలబడ్డారు. అర శాతం ఎక్కువ వడ్డీ కోసం చిన్న బ్యాంకుకు పోతే రూ.5 లక్షల గీత దాటకండి. ఊళ్లో సొసైటీల్లో, పరపతి సంఘాల్లో వేసే డిపాజిట్లకు ఈ బీమా వర్తించదు. పోస్టాఫీసు పథకాలకు కేంద్ర ప్రభుత్వమే పూచీ కాబట్టి అక్కడ ఈ గీత గొడవ లేదు.

బాపును చేబదులు అడిగేవాళ్లు కూడా వస్తారు, బహుశా ఇప్పటికే వచ్చి ఉంటారు. నూటికి రెండు రూపాయల మిత్తి ఇస్తామంటారు. అంటే ఏడాదికి 24 శాతం. అంత మిత్తి కట్టి తెచ్చుకుంటున్నాడంటే ఆ మనిషికి బ్యాంకు ఇవ్వలేదనే అర్థం. ప్రామిసరీ నోటు ఉంది కదా అనుకుంటారు. నోటు రాసిన మూడేళ్లలోపు కోర్టుకు పోకపోతే అది చెల్లదు, మధ్యలో కొంత కట్టినట్టు రాయించుకుంటే తప్ప. చుట్టాల మీద కోర్టుకు ఎవరు పోతారు? దగ్గరివాళ్లకు సాయం చేయాలనిపిస్తే తిరిగి రాకపోయినా బాధపడనంత ఇవ్వమనండి, మిత్తి మాట లేకుండా.

ఇక మీ సొంత డబ్బు. రూ.9 లక్షలు సేవింగ్స్ ఖాతాలో రెండున్నర, మూడు శాతానికి పడి ఉన్నాయి, పక్కనే రూ.3 లక్షల గోల్డ్ లోన్‌కు ఏడాదికి రూ.36,000 మిత్తి కడుతున్నారు. ఆ మూడు లక్షలకు సేవింగ్స్‌లో వచ్చేది ఏడెనిమిది వేలు. రేపే పోయి లోన్ కట్టేసి నగలు విడిపించుకోండి. మార్కెట్ ఎలా ఉన్నా, ఏ ప్రభుత్వం ఉన్నా, 12 శాతం ఖాయంగా మిగిలే పెట్టుబడి మీకు ఇంకెక్కడా దొరకదు.

మిగిలిన రూ.6 లక్షల్లో రూ.4 లక్షలు ఎఫ్‌డీ ముక్కలుగా వేసి దాని జోలికి పోకండి. మీవారిది ప్రైవేటు ఉద్యోగం అన్నారు, ఆరు నెలలు జీతం లేకపోయినా ఇల్లు నడవాలి. ఇదే మీ కోల్డ్ స్టోరేజీ అనుకోండి. ఇది ఉంటే సిప్ జోలికి పోకుండా ఆగగలరు.

రూ.లక్షన్నర పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. ఈ ఖాతా పదేళ్లు నిండకముందే తెరవాలి, మీకు ఇంకా రెండేళ్ల లోపే వ్యవధి ఉంది. 2024 జనవరి నుంచి దీనికీ 8.2 శాతం ఇస్తున్నారు. కాకపోతే ఇందులో రేటు ఖాతా తెరిచిన రోజుతో ఆగిపోదు, ప్రభుత్వం మారిస్తే మారుతుంది. ఏడాదికి కనీసం రూ.250, గరిష్ఠం రూ.లక్షన్నర, పదిహేనేళ్లు కట్టాలి. పద్దెనిమిదేళ్లు నిండాక పై చదువుకు సగం దాకా తీసుకోవచ్చు, వడ్డీ మీద పన్ను లేదు. ఏటా లక్షన్నర కట్టలేకపోతే యాభై వేలు కట్టండి, ఖాతా మాత్రం తెరవండి. మిగిలిన అర లక్ష సేవింగ్స్‌లో ఉండనివ్వండి.

పై అంతస్తుకు మూడేళ్లు అన్నారు. మూడేళ్లలో ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలీ కోసం కావాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదు. దీనికి రికరింగ్ డిపాజిట్ చాలు. మ్యూచువల్ ఫండ్‌లోనే డెట్ ఫండ్ (షేర్లలో కాకుండా బాండ్లలో డబ్బు పెట్టేది) ఉంది కదా అని మీకు ఎవరో చెప్పారట. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న డెట్ ఫండ్ల లాభానికి ఎఫ్‌డీ వడ్డీలాగే మీ ఆదాయపు పన్ను స్లాబు ప్రకారం పన్ను పడుతుంది, పాత వెసులుబాటు పోయింది. పైగా 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఒకేసారి ఆరు డెట్ ఫండ్లు మూసేసింది. మదుపర్ల డబ్బు విడతలుగా తిరిగి వచ్చింది గానీ, ఆ ఏడు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఇంటి స్లాబు వేసే రోజున అది చేతిలో లేదు. మీకు పెద్దగా మిగిలేది లేనప్పుడు ఆ తలనొప్పి ఎందుకు?

ఆర్‌డీతో పాటు పై అంతస్తుకు మీ చిట్టి కూడా పనికొస్తుంది. చిట్టి గురించి మన వరంగల్ మనుషులకు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రతి ఇంట్లో ఒకటి నడుస్తుంటుంది. మీది రూ.5 లక్షలు, 25 మంది, 25 నెలలు, నెలకు రూ.20,000 అని రాశారు. కమీషన్ 5 శాతం అనుకుందాం, అంటే రూ.25,000. ఎవరైనా లక్షన్నర తగ్గించి పాడారనుకోండి, వాళ్ల చేతికి రూ.3.5 లక్షలు వస్తాయి. ఆ లక్షన్నరలో కమీషన్ పోగా మిగిలిన రూ.1,25,000 ఇరవై ఐదు మందికీ పంచితే తలా రూ.5,000. ఆ నెల మీరు కట్టేది రూ.15,000. ఆఖరిదాకా ఆగినవాళ్లకు రూ.4,75,000 చేతికొస్తుంది. కట్టింది అంతకంటే ఎంత తక్కువ అన్నదే మీ లాభం. మధ్యలో అందరూ ఎక్కువ తగ్గించి పాడితే ఆగినవాళ్లకు బాగుంటుంది, పాట చప్పగా ఉంటే ఆర్‌డీ కంటే పెద్దగా మిగలదు. మీ పాస్‌బుక్ తీసి ఇప్పటిదాకా కట్టింది కూడి చూడండి. అవసరం లేదు కాబట్టి తొందరపడి పాడొద్దు, చివరి నెలల్లో ఎత్తుకోండి.

కానీ ఆ లెక్క అంతా కంపెనీ గడువుకు డబ్బు ఇస్తేనే. గత కొన్నేళ్లలో హనుమకొండలో చిట్టి ముగిసి నెలలు గడిచినా పైసలు రాక ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను మీరూ చూసి ఉంటారు. ఇవ్వాళ, రేపు అంటారు, చివరికి "డబ్బు లేదు, మా వెంచర్లో ప్లాటు తీసుకోండి" అంటారు. బిడ్డ పెళ్లికి చిట్టి వేసిన తండ్రి ఆ ప్లాటును ఏం చేసుకుంటాడు? అందుకే మీ చిట్టికి రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి నంబరు ఉందో లేదో చూడండి. చిట్‌ఫండ్ చట్టం 1982 ప్రకారం ప్రతి గ్రూపు మొదలు కాకముందే ఆ అనుమతి ఉండాలి, చిట్టి మొత్తానికి సమానమైన సెక్యూరిటీ రిజిస్ట్రార్ దగ్గర పెట్టాలి. మీ పాస్‌బుక్ మీద నంబరు లేకపోతే చిట్స్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, చెప్తారు. ఎత్తుకున్న డబ్బును "మా దగ్గరే ఉంచండి, మంచి మిత్తి ఇస్తాం" అంటే ఒక్క రోజు కూడా ఉంచకండి. ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోవడానికి చిట్‌ఫండ్ కంపెనీలకు అనుమతి లేదు. ఆ రసీదుకు చిట్టికి ఉన్న చట్టపు రక్షణ ఉండదు. ఇలా ఉంచి పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

మీరు టీచర్ కాబట్టి ఇది కూడా చెప్పాలి. మన దగ్గర చిట్టి ఎత్తుకునేవాళ్లకు జమానతు కావాలంటే ముందు గుర్తొచ్చేది గవర్నమెంటు టీచరే. స్టాఫ్ రూములో మొహమాటానికి పెట్టిన సంతకం వల్ల జీతం అటాచ్ అయినవాళ్లను నా సర్వీసులో చూశాను. జమానతు అంటే ఆ అప్పు మీదే అన్నట్టు. లేదు అని చెప్పడం నేర్చుకోండి అమ్మా, స్నేహం పోతే పోనీ.

సిప్ సంగతి. పాప చదువుకు ఇంకా పదేళ్లు ఉంది, మీ రిటైర్మెంటుకు అంతకంటే ఎక్కువే. ఆ డబ్బుకు తొందర లేదు, కాబట్టి సిప్ ఆపకండి. ఎందుకో చిన్న లెక్క చూడండి. యూనిట్ ధర రూ.50 ఉన్నప్పుడు మీ రూ.10,000కు 200 యూనిట్లు వస్తాయి. పడిపోయి రూ.40 అయితే 250 వస్తాయి. నాలుగు నెలలు వరుసగా 50, 40, 40, 50 ఉందనుకుంటే మీ దగ్గర 900 యూనిట్లు ఉంటాయి. కట్టింది రూ.40,000, విలువ రూ.45,000. ధర మొదలైన చోటికే వచ్చింది, పైకి పోలేదు. అయినా రూ.5,000 మిగిలింది, పడినప్పుడు కొన్నందుకు. పడిన రెండు నెలలూ ఆపేసి ఉంటే ఆ రూ.5,000 రాదు.

అలాగని మార్కెట్ ఎప్పుడూ త్వరగా లేస్తుందని నేను భరోసా ఇవ్వను. 2020 జనవరిలో 42,000 దగ్గరున్న సెన్సెక్స్ మార్చి 23న 26,000 కిందికి పడి నవంబరుకల్లా తిరిగొచ్చింది. అది చూసి చాలామంది కొత్తవాళ్లు ఎప్పుడూ అంతే అనుకున్నారు. 2008 సంగతి వేరు. ఆ జనవరిలో 21,000 తాకి, అక్టోబరుకు 8,000 కిందికి పోయింది. 2010లో ఒకసారి ఆ దరిదాపులకు వచ్చినా నిలవలేదు, 2013-14 దాకా స్థిరంగా దాటలేదు. ఆ జనవరిలో రిటైర్మెంట్ డబ్బు ఒక్కసారిగా పెట్టిన మనిషి ఆరేళ్లు చూశాడు. జపాన్‌లో నిక్కీ సూచీ 1989 చివరి శిఖరాన్ని దాటింది 2024 ఫిబ్రవరిలో. మన నిఫ్టీ కూడా 2024 సెప్టెంబరులో 26,200 దాటి, 2025 ఏప్రిల్ మొదట్లో 22,000 కిందికి దిగి చూపించింది. అందుకే మీ బాపు డబ్బు అక్కడ వద్దన్నాను, మీది మాత్రం ఉండనివ్వమంటున్నాను.

ఏ ఫండో మీరు రాయలేదు. నిఫ్టీ ఇండెక్స్ ఫండో (నిఫ్టీ సూచీలో ఉన్న కంపెనీల్లోనే డబ్బు పెట్టేది), పెద్ద కంపెనీల ఫండో అయితే కదిలించకండి. మొత్తం స్మాల్‌క్యాప్‌లో ఉంటే కట్టేది ఆపకుండా వచ్చే నెల నుంచి సగం ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చండి. చిన్న కంపెనీలు పడితే లోతుగా పడతాయి, ఆ పడటం తట్టుకోలేకే జనం అడుగున అమ్ముకుంటారు. పాపకు పదిహేనేళ్లు వచ్చేసరికి, ఫీజుకు కావాల్సినంత వరకు కొంచెం కొంచెం ఎఫ్‌డీలోకి తెచ్చుకోండి. పన్ను గురించి భయపడాల్సింది లేదు. ఈక్విటీ ఫండ్ ఏడాది దాటాక అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపై 12.5 శాతం.

మీవారి స్నేహితుడి ఆప్షన్స్ గ్రూపు గురించి పెద్ద చర్చ అవసరం లేదు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారని, అందరి నష్టం కలిపి రూ.1.8 లక్షల కోట్లు దాటిందని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్క తీసి చెప్పింది. టెలిగ్రామ్‌లో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు సెబీ దగ్గర రిజిస్టర్ అయ్యారా అని అడిగి చూడండి. ఆప్షన్స్ యాప్ ఏదైనా ఉంటే ఫోన్లోంచి తీసేయమని మీవారికి నా మాటగా చెప్పండి.

మరిది చెప్పే ప్లాటు. మామునూరు ఎయిర్‌పోర్టు నిజాం కాలం నాటిది, 1981 నుంచి మూతపడి ఉంది. భూసేకరణకు రాష్ట్ర ప్రభుత్వం నిధులివ్వడం, 2025లో కేంద్రం నుంచి అనుమతి రావడం నిజమే. కానీ ఆ కబురు మీకంటే ముందు వెంచర్ వేసినవాడికి తెలుసు, గజం రేటులో అది ఎప్పుడో కలిసిపోయింది. విమానం ఎగిరినప్పుడు వచ్చే లాభాన్ని కూడా ఇవాళే మీ దగ్గర వసూలు చేస్తున్నారు. కొన్న రోజే రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం పోతుంది. అమ్మాలంటే నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. బాపుకు గుండె ఆపరేషన్ అయితే రూ.4 లక్షల కోసం ప్లాటులోంచి నలభై గజాలు కోసి అమ్మలేం కదా. మీకు ఇప్పటికే సొంత ఇల్లు ఉంది, భూమి రూపంలో మీ ఆస్తి చాలినంత ఉంది. ముందుముందు మీ సొంత జీతం మిగులుతో కొనాలనిపిస్తే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం) చూసుకుని కొనండి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికి మాత్రం పోకండి, అక్కడ రోడ్డు కాగితం మీదే ఉంటుంది.

బంగారం మీద మీ అన్నకు ఉన్న నమ్మకం ఈ రెండేళ్ల ధరలు చూసి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో తులం లక్ష దాటింది. అయితే 2012లో తులం రూ.31,000 దగ్గర ఉంటే 2018లోనూ దాదాపు అంతే ఉంది. ఆరేళ్లు కదల్లేదు, ఇది జనం మరిచిపోయారు. విడిపించుకున్న నగలతోనే మీ ఇంట్లో బంగారం భాగం నిండినట్టు లెక్క. ఇంకా కావాలంటే నగ కొనకండి, తరుగు, మజూరీ కింద కొన్నంతలో గణనీయంగా పోతుంది. ప్రభుత్వ గోల్డ్ బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు కాబట్టి గోల్డ్ ఈటీఎఫ్ (షేర్ లాగా కొనే బంగారం ఫండ్) ఒక్కటే సులువైన దారి, నెలకు వెయ్యో రెండు వేలో, పాప కోసం.

ఇదంతా చేసేటప్పుడు బాపును పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. డబ్బు ఆయనది, సంతకం ఆయనది. సీనియర్ సిటిజన్స్ ఖాతాను అమ్మతో కలిపి జాయింటుగా తెరవొచ్చు, అలాగే తెరిపించండి. ఎఫ్‌డీలు కూడా "ఇద్దరిలో ఎవరైనా" అన్న పద్ధతిలో ఉండాలి. ఆయన పాత సేవింగ్స్ ఖాతాకు నామినీ ఎవరున్నారో కూడా చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో చనిపోయిన తల్లి పేరే నామినీగా ఉండిపోవడం గోదావరిఖనిలో చాలాసార్లు చూశాను. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. అమ్మ పేరు, మీ పేరు, మీ తమ్ముడి పేరు పెట్టించండి. పెన్షన్ నెలకు ఎంత వస్తుందో, సిప్ ఏ ఫండ్‌లో ఉందో రాయండి. పెన్షన్ ఇంటి ఖర్చుకు సరిపోయేట్టుంటే ఆ రూ.20 లక్షల లెక్కను కొంచెం మార్చి చెప్తాను.